ఒక్కపొద్దు మాత్ర

తిరుచానూరు,
2 సెప్టెంబరు 2024

ఒరే దొరసామీ,

నువ్వు బాగుండావా? నా మరదలు చంద్రకాంత ఎట్లుండాది? పక్షవాతం వచ్చిన చేత్తో గ్లాసు పట్టుకునింది అని పోయిన జాబులో రాస్తివి. అది చదివి ఈడ ఒకదాన్నే కూర్చోని నవ్వుకుంటా ఉంటే, మా కోడలు జయంతి ఏమైందోనని తొంగిచూసింది. జాబు చేతికిచ్చినాను. ఆ పిల్లా నవ్వింది.

నా సంగతి రాయాలంటే వేళ్ళ సంగతే రాయాల. పొద్దున లేస్తే వేళ్ళు వంగవు. కణుపులు చింతగింజల మాదిరి ఉబ్బినాయి. కనకాంబరాలు, నడుమ రవంత మరువం పెట్టి, అరటినారతో ముడి వేసేది నేను ఎప్పుడన్నా చూసి చేసినానా? ఇప్పుడు కళ్ళు పెట్టి చూసినా ముడి పడదు. పడినా జారిపోతాది. నిన్న ఒకామె మూర పూలు కొనుక్కోని రెండడుగులు పోయిందో లేదో, తలలోంచి పూలన్నీ రాలిపోయినాయి. ఆమె వంగి ఏరుకోని పోయింది. నాకే తల కొట్టేసినట్టయింది.

మా పిల్లోడు గిరి నన్ను డాక్టరు కాడికి పిల్చుకోని పోయినాడు. కీళ్ళు అరిగినాయి, వాపు ఉండాది అని చెప్పి పైపూత మందు రాసిచ్చినాడు. మంచిదే, నొప్పి తగ్గింది. కానీ పూలకు ఆ మందు వాసన పట్టింది. అమ్మవారికి పెట్టే పూలు, ఆడోళ్ళు తలలో పెట్టుకునే పూలు, మందంగడి వాసన కొడితే ఎవురు కొంటారు? మానేసినాను.

కార్తీక బ్రహ్మోత్సవాలు వస్తాండాయి. మీ బావ చనిపోయిన ఏడు కూడా నేను ఆ దినాల్లో పూలమ్మే బండ మీద కూర్చోకుండా ఉండలేదు. ఈ తూరి కూర్చోలేకపోతే నేను ఇంక మంచం మనిషినేరా. నీకు మోకాళ్ళ నొప్పికి వేలూరు డాక్టరు ఏందో మాత్ర ఇచ్చినాడనీ, దాంతో చంద్రకాంతను ఎత్తి కూర్చోబెట్టగలుగుతున్నాననీ రాస్తివే, ఆ మాత్ర పేరు రాసి పంపు.

గిరి చెవి మిషను కొనిచ్చినాడు. పెట్టుకుంటే ఈగలు ముసిరినట్టు రొద తప్ప మాట లేదు. తీసి పెట్టెలో పెట్టినాను. నీ జాబు చదివితే మాత్రం నీ గొంతు నాకు వినబడతాది. బిరీన రాయి.

నీ అక్క
దేవకమ్మ


చిత్తూరు,
8 సెప్టెంబరు 2024

అక్కకు, తమ్ముడు దొరస్వామి దండాలు.

నీ జాబు అందింది. ఇక్కడ అందరమూ అంటే ఇద్దరమూ బాగున్నాము. చంద్రకాంత నీ జాబు చదివించుకుని విన్నది. పూలు రాలిపోయిన ముక్క దగ్గర ఆమెకు కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. పక్షవాతం వచ్చినప్పటినుంచి చిన్నదానికీ ఏడుస్తుంది, నువ్వు మనసులో పెట్టుకోవద్దు.

పేరు రాసి పంపడం ఎందుకు, మాత్రలే పంపుతున్నాను. నాకిచ్చిన వాటిలో ఒక అట్ట మిగిలింది. మన వీధి రూపేష్ తిరుపతి బస్సు కండక్టరు, వాడి చేత గిరికి చేరుస్తాను. నాకైతే అవి వేసుకున్న మరుసటి రోజే మోకాలు మాట వినింది. నీ వేళ్ళకు కూడా అట్లే పనిచేస్తాయి. ఒకే అమ్మ కడుపున పుట్టిన ఎముకలు, ఒకే మందు పనిచేయకుండా పోతుందా?

ఒకటే గుర్తు పెట్టుకో అక్కా. ఈ మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దే. ఆ మాట డాక్టరు నాకు గట్టిగా చెప్పినాడు. ఎంత నొప్పి ఉన్నా సరే, ఒక్కపొద్దు తప్పకూడదు. నువ్వు మొండిదానివి, నీ ఇష్టం వచ్చినట్టు చేస్తావని ఇంత చెప్తున్నాను.

జాబులో నీ అక్షరం కొంచెం వంకర పోయింది. ముప్పై ఏళ్ళు పిల్లకాయలకు తెలుగు దస్తూరి దిద్దించిన కన్ను, ఊరికే ఉండలేదు. కోపం తెచ్చుకోవద్దు. వేళ్ళు బాగయినాక ముత్యాల్లాగా రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు
దొరస్వామి


తిరుచానూరు,
24 సెప్టెంబరు 2024

ఒరే దొరా,

నీ నోట్లో చక్కెర పొయ్య! నీ మాత్ర మాత్ర కాదురా, మంత్రం. రెండో నాటికే వేళ్ళు విచ్చుకున్నాయి. ఈ అక్షరాలు చూడు, వంకర యాడన్నా ఉండాదా అయివారూ? నిన్న సాయంత్రం చామంతి దండలు నేనే కట్టినాను. జయంతి నా చేతులు పట్టుకోని తిప్పి తిప్పి చూసింది.

నువ్వు చెప్పినట్టే ఒక్కపొద్దు తప్పలేదు. అది నాకు కొత్తా? మన అమ్మ నేర్పిందే గదా. పైగా సామికి శనివారాలు పట్టే పెరటాసి నెల కూడా కలిసొచ్చింది. పొద్దున్నే తానం చేసి, సామికి దీపం పెట్టి, మాత్ర మింగి పూలకాడ కూర్చుంటాను. పొద్దుగూకినాక సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి. ఆకలి పెద్దగా తెలీడంలేదు. నొప్పి లేకపోతే మనిషికి ఆకలి కూడా ఉండదేమో.

అట్ట అయిపోవచ్చింది. నువ్వేమీ పంపబాకు, నీకు కావాల. ఖాళీ అట్ట చూపిస్తే ఈడ మందంగట్లోనే ఇస్తారంట. గిరికి చెప్పినాను.

నీ మోకాళ్ళు ఎట్లుండాయి? చంద్రకాంతకు కనకాంబరాలు పంపుదామనుకున్నాను, చిత్తూరు చేరేసరికి వాడిపోతాయి. ఆమెకు నేను అడిగినానని చెప్పు. ఏడ్చినా పర్వాలేదు, చెప్పు.

నీ అక్క
దేవకమ్మ


చిత్తూరు,
1 అక్టోబరు 2024

అక్కా,

నీ జాబు చదివి మనసు నిండిపోయింది. అక్షరాలు నిజంగానే ముత్యాలు. మా బడిలో అయితే నీకు పదికి పది వేసి ఉందును.

ఒక్కపొద్దు తప్పకుండా పాటిస్తున్నావని రాసినావు, అదే నాకు కావలసింది. పెరటాసి శనివారాలు నేనైతే ఎప్పుడో వదిలేసినాను, అమ్మ నియమమంతా నీకే వచ్చింది. మాత్ర విషయంలోనూ అదే నియమంతో ఉండు. బాగయింది కదా అని గాడి తప్పవద్దు.

చంద్రకాంత ఇప్పుడు వసారా దాకా నా భుజం పట్టుకుని నడుస్తున్నది. ఆమె బరువంతా నా మోకాలి మీదే. ఆ డాక్టరు చల్లగా ఉండాలి. నీ పూలు ముట్టినట్టే అనుకోమన్నది. చెప్పగానే ఏడ్చింది కూడా, నీ మాట పోలేదు.

నీ తమ్ముడు
దొరస్వామి


తిరుచానూరు,
20 అక్టోబరు 2024

నాయనా దొరా,

ఆలస్యమైంది, ఏమనుకోబాకు. ఒంట్లో రవంత నలతగా ఉండాది. వేళ్ళు బాగానే ఉండాయి, కట్టుకుంటా ఉండాను. కడుపులోనే మంట. రొమ్ము కింద ఎవురో నిప్పు రాజేసినట్టు ఉంటాది. వేడి చేసిందిలే అని సబ్జా గింజలు నానబెట్టి రాత్రిపూట తాగుతాండాను. లేస్తే కళ్ళు తిరగతాయి. జయంతి నా కళ్ళ కింది రెప్ప లాగి చూసి, పాలిపోయినావత్తా అని సైగ చేసింది. వయసు పిల్లనా, ఎర్రగా ఉండేదానికి?

ఇంకొకటి ఉండాది. అది నీతో చెప్పుకునేది కాదు. మొగోడివి, తమ్ముడివి. ఇంట్లో చెప్పాలన్నా సిగ్గు. ఎన్నాళ్ళు దాచుకునేదో తెలీదు. మన అమ్మ ఉంటే ఆమె ఒడిలో తల పెట్టి చెప్పేదాన్ని. పోనీలే.

బ్రహ్మోత్సవాలకు లాడ్జీలన్నీ ఇప్పుడే మాట్లాడేసుకుంటాండారంట. ఆ దినాలు దాటిస్తే చాలు, తర్వాత ఏమైనా కానీ.

మాత్ర వేసుకుంటానే ఉండాను. నువ్వు చెప్పింది తప్పలేదు.

నీ అక్క
దేవకమ్మ


చిత్తూరు,
26 అక్టోబరు 2024

అక్కా,

నీ జాబు చదివి నాకు కోపం వచ్చింది, నీమీద కాదు. ఇంట్లో చెప్పుకోలేని కష్టం ఏమిటో నేను ఊహించగలను. చేతులు బాగయి నువ్వు మళ్ళీ పూలబండ మీద పెత్తనం చేస్తుంటే కోడలికి కంటగింపుగా ఉందేమో. చెవులు వినబడని మనిషి ముందు ఏమన్నా చెల్లుతుందని అనుకునేవాళ్ళు ఉంటారు. జయంతి అట్లాంటిది కాదని నేను అనుకుంటూ ఉంటిని. అందుకే గిరికి ఫోను చేసి నాలుగు మాటలు గట్టిగా అన్నాను. వాడు తెల్లబోయినాడు. తెల్లబోవడం వాడికి అలవాటే.

నువ్వు దిగులు పడవద్దు. దిగులుకే కడుపు మండుతుంది. మజ్జిగ ఎక్కువగా తాగు, ఊరిబిండిలో కారం తగ్గించు. ఒక్కపొద్దు మాత్రం మరిచిపోవద్దు.

నీ తమ్ముడు
దొరస్వామి


చిత్తూరు,
14 నవంబరు 2024

అక్కా,

నువ్వు ఆసుపత్రినుంచి ఇల్లు చేరినావని గిరి చెప్పినాడు. కూర్చుని చదవగలిగినప్పుడే చదువు. ఇది మంచి మాటల జాబు కాదు.

పూలబండ మీదే పడిపోయినావని గిరి ఫోను చేస్తే, పక్కింటి కృపారాణిని చంద్రకాంత దగ్గర కూర్చోబెట్టి తిరుపతికి పరిగెత్తినాను. నువ్వు కళ్ళు తెరవలేదు. నీ చేతికి ఎవరిదో రక్తం ఎక్కుతున్నది. నీ వేళ్ళు పట్టుకుని పిలుస్తూనే ఉన్నాను, వినబడని మనిషిని పిలుస్తున్నానన్న జ్ఞానం కూడా లేకపోయింది. పొద్దు వాలకముందే వెనక్కి వచ్చేసినాను. రాక తప్పలేదు.

డాక్టరమ్మ గిరికి అన్నీ చెప్పిందట. నొప్పి మాత్రకు కడుపులో పుండు పడి, అందులోంచి రక్తం కారుతూ ఉన్నదట. విరేచనం తారులాగా నల్లగా పోయేది ఆ రక్తమేనట. నాతో చెప్పుకోలేనన్నది అదే కదా! అక్కా, అంత ప్రాణం మీదికి వచ్చినదాన్ని సిగ్గు అని దాచుకుంటావా? నేనేమో జయంతిని ఆడిపోసుకున్నాను. ఆ పిల్ల నీ పక్కనే నేల మీద పడుకుని ఉంటే, ఆమె మొహం చూడలేక తల దించుకుని వచ్చినాను.

అన్నిటికంటే నాకు మండింది ఇంకొకటి. రోజంతా ఉపవాసం ఉండి, పరగడుపున ఆ మాత్ర మింగుతున్నావట! శనివారం ఒక్కటే కాదు, రోజూ! నా మొక్కు, నేనే ఉపవాసం ఉన్నాను అని డాక్టరమ్మకు చెప్పినావట. ఏ దేవుడు అడిగినాడు? ఎవరు చెప్పినారు నీకు కడుపు మాడ్చుకుని మాత్ర మింగమని? పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, మాత్ర పంపినందుకు నాకు ఈ శిక్ష. చెప్పు అక్కా, ఎవరు చెప్పినారు?

దొరస్వామి


తిరుచానూరు,
23 నవంబరు 2024

నాయనా దొరా,

అంత కోపం వద్దురా. నీకు బీపీ ఉండాది.

నువ్వు అడిగినావు కాబట్టి రాస్తాండాను, లేకుంటే రాసేదాన్ని కాదు. నువ్వే గదా చెప్పింది. ఈ మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దే, ఎంత నొప్పి ఉన్నా ఒక్కపొద్దు తప్పకూడదు అని రాస్తివి. నాటుమందుకు పత్యం ఉన్నట్టే దీనికీ ఉండాదనుకున్నాను. కామెర్లకు పసరు పోసినప్పుడు అమ్మ నన్ను పొద్దంతా పస్తు పెట్టలేదా? అట్లే అనుకున్నాను. తర్వాతి జాబుల్లో కూడా మరిచిపోవద్దు అనే రాస్తివి.

డాక్టరమ్మ కాగితం మీద పెద్దక్షరాలతో, ఎవరు చెప్పినారు అని రాసి చూపించింది. గిరి పక్కనే ఉన్నాడు. నీ పేరు చెప్పబుద్ధి కాలేదు. నా మొక్కు అనేసినాను. తిన్నాకనే మింగాల అని ఆమె రాసింది. ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా చెప్తారేమో అనుకున్నాను.

నిజం చెప్పాలంటే తప్పు నాదే అని మనసులో ఉండాది. ఒకనాడు ఆకలికి తాళలేక, ఎవురూ చూడకుండా రెండిడ్లీలు తిన్నాను. దాని తర్వాతే మంట ఎక్కువైంది. పత్యం చెడింది, అందుకే మందు ఎదురు తిరిగింది అని ఆ దినం నుంచి భయంగా ఉండాది. నీకు చెప్తే తిడతావని చెప్పలేదు. నిన్ను ఒక్క మాట కూడా అనుకోలేదురా, సామి మీద ఆన.

జయంతి మీద నువ్వు కోప్పడినావని గిరి రాసి చూపించినాడు. ఆ పిల్ల నా గుడ్డలు ఉతికిందిరా. ఆమెకు ఒక ముక్క రాయి.

మూత్రపిండాలు కూడా రవంత దెబ్బతిన్నాయంట. ఆ జాతి మాత్రలు ఈ జన్మకు ముట్టకూడదంట.

నీ అక్క
దేవకమ్మ


చిత్తూరు,
28 నవంబరు 2024

అక్కా,

నీ జాబు చంద్రకాంతకు చదివి వినిపిస్తూ ఆ ముక్క దగ్గర ఆగిపోయినాను. ఆమె ఏమైందని అడుగుతుంటే, నేనే మా అక్కను చంపబోయినాను అన్నాను.

నేను రాసింది పస్తు ఉండమని కాదు అక్కా. రోజుకు ఒక్క పూటే మింగు, రెండు పూటలు మింగవద్దు అని. మనం ఇంట్లో రెండు పొద్దులు, మూడు పొద్దులు అని పూటల్ని చెప్పుకుంటాము చూడు, ఆ పొద్దు. రెండు మాటల మధ్య రవంత ఖాళీ వదిలి ఉంటే, పూట అని రాసి ఉంటే, నువ్వు కడుపు నిండా తిని మింగి ఉందువు. పదాలు అతికించి రాస్తే అర్థం మారిపోతుందని ముప్పై ఏళ్ళు పిల్లకాయల వేళ్ళ మీద కొట్టినవాణ్ణి నేను.

నువ్వు తిన్న రెండిడ్లీలు నిన్ను కాపాడినాయి గానీ చెరచలేదు. ఆ భయం ఈ క్షణమే వదిలేయి. నిన్న వేలూరు పోయి డాక్టరుకు అంతా చెప్పినాను. ఆయన నన్ను కొట్టలేదు గానీ, కొట్టి ఉంటే బాగుండేది. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరికి ఎట్లా ఇస్తారన్నాడు. తిన్న తరువాతే అని మీకు చెప్పినాను, కడుపు కాపాడే మాత్ర కూడా ఇచ్చినాను, వరసగా పది రోజులకు మించవద్దన్నాను, ఇవన్నీ మీ అక్కకు రాసినారా అని ఆయన అడిగినాడు. రాయలేదు. అన్నం తిని మింగాలని ఎవరికి తెలియదులే అనుకున్నాను. బీపీ మాత్రలు వేసుకుంటుందా, గుండెకు రక్తం పలచబడే మాత్ర ఏమన్నా వేసుకుంటుందా అన్నాడు. రెండూ వేసుకుంటుందని చెప్పినాను. ఆ రెండింటితో కలిస్తే తిని మింగినా ప్రమాదమేనట. నాకు తెలిసిందల్లా నా మోకాలు బాగయిందన్న ఒక్కటే.

నేను కూడా ఆ మాత్ర మానేసినాను. పైపూతతో, వేడినీళ్ళ కాపడంతో సరిపెట్టుకోమన్నాడు. చంద్రకాంతను ఎత్తడానికి కృపారాణి సాయం వస్తున్నది.

జయంతికి వేరే రాసి ఇందులోనే పెట్టినాను. ఆమె కాళ్ళు పట్టుకున్నా తప్పులేదు.

ఇదే నీకు నా ఆఖరి జాబు అక్కా. నా రాతను నమ్మి నువ్వు చావు దాకా పోయినావు. ఇకనుంచి గిరికి ఫోను చేసి నీ క్షేమం కనుక్కుంటాను.

దొరస్వామి


తిరుచానూరు,
9 జనవరి 2025

నాయనా దొరా,

ఈ జాబు ఒక్కనాడు రాసింది కాదు. రోజుకు రవంత రాస్తాండాను. వేళ్ళు మళ్ళీ మూసుకుపోయినాయి, ఈసారి గట్టిగా. డాక్టరమ్మ పైపూత రాయమనింది, వేడి మైనంలో చేతులు ముంచమనింది, నొప్పి ఓర్చుకోలేనప్పుడు జరం మాత్ర తనను అడిగి వేసుకోమనింది. అన్నీ చేస్తాండాను. ఇప్పుడు వాసనకు భయం లేదు గదా, పూలు ముట్టేది లేదు. బ్రహ్మోత్సవాలు పోయినాయి. పూలబండ మీద జయంతి కూర్చునింది. నేను లోపల మంచం మీద పండుకోనుంటి. కడపటి దినం పంచమి తీర్థానికి జనం రోడ్డంతా నిండినారని చెప్పినారు. నాకు ఏమీ వినబడదు గదా, ఉత్త దినం మాదిరే పోయింది. ఏడ్చినాను. నీకు చెప్పకుండా ఎవురికి చెప్పేది?

నీ జాబు కోసం చూస్తానే ఉండాను. రాలేదు. మామ ఫోను చేసినాడు, బాగుండావా అని అడిగినాడు అని గిరి వేలు ఊపి సైగ చేస్తాడు. నేను తల ఊపుతాను. వాడు మళ్ళీ ఫోనులో చెప్తాడు. అంతే. అయిపోయింది మన మాట. అది ఒక మాటనా?

జయంతి నేను చెప్తే రాసిపెడతానంటాది. మంచి పిల్ల. నీ జాబు చదివి కండ్లు తుడుచుకునింది, నీమీద ఏమీ లేదని రాయమనింది. కానీ నా కడుపులో మాట ఇంకొకరి చేత రాయిస్తే అది నీ అక్క మాట అవుతాదా? డాక్టరమ్మ వేళ్ళు చూసి ఇంక పెద్దగా సాగవని చెప్పేసింది. కాబట్టి ఇది నేను రాసే కడపటి జాబు. వంకరగా ఉండాది, దిద్దబాకు.

నేను రాయలేను, సరే. నువ్వెందుకు మానుకోవాల? ఒక మాట తప్పుగా చదువుకున్నందుకు నాకు కడుపులో పుండు పడింది, మానింది. నీ జాబు లేకుండా నాలుగు గోడల మధ్య పెదాలు కదిలేది చూస్తా కూర్చుంటే, అది ఏ డాక్టరమ్మ మానుపుతాది? నన్ను చంపబోయినానని ఏడుస్తాండావే, ఇప్పుడు చేస్తాండేది ఏందిరా మరి?

చంద్రకాంత ఎంత దూరం నడిచిందో రాయి. కృపారాణి ఏమి కూర చేసిందో రాయి. మీ వీధిలో ఎవురు కొట్లాడుకున్నారో రాయి. జవాబు రాదు, ఎదురుచూడబాకు. తప్పులు రాసినా పర్వాలేదు. రాయి.

నీ అక్క
దేవకమ్మ